బొండాంకి షుగరొచ్చింది

చిన్నీకి, బాబీకి తాతయ్య ఆశీస్సులు.

మన పిల్లి బొండాంకి షుగర్ వచ్చిందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది కానీ, అసలు సంగతంతా చిన్ని రాసిన ఉత్తరంలోనే ఉంది. "తాతయ్యా, బొండాం బాత్రూంలో ఉచ్చ పోసిన చోట పొద్దున్నే చీమలు బారులు తీరాయి. డాక్టరు గారు పరీక్ష చేసి షుగర్ అన్నారు. వాడు స్వీట్లు ముట్టడు కదా, మరి షుగర్ ఎలా వచ్చింది?" అని. కింద బాబీ పెన్సిలుతో "నేను పెట్టిన బిస్కట్ల వల్లేనా?" అని రాసి, కొట్టేశాడు. కొట్టేసినా కనబడిందిరా అబ్బాయ్.

నాకూ షుగరే కదా. పదకొండేళ్లుగా పొద్దునా సాయంత్రం పొట్టలో సూది గుచ్చుకుంటున్నాను. ఇప్పుడు బొండాం, నేనూ ఒకే ఆఫీసులో పనిచేస్తున్నట్టుంది. వాడు కొత్తగా చేరాడు, నేను సీనియర్ని. అందుకే జవాబు కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

చీమలు పసిగట్టడం కొత్తేం కాదు. ఈ జబ్బున్నవాళ్ల మూత్రానికి చీమలు చేరతాయని మన ఆయుర్వేదం వాళ్లు ఎప్పుడో రాసిపెట్టారు. మధుమేహం అన్న పేరులోనే తేనె ఉంది. రక్తపరీక్షలు లేని రోజుల్లో చీమే లాబొరేటరీ, ఫీజు కూడా అడగదు.

ఇక షుగర్ ఎలా వచ్చిందంటే, నాకు తెలిసిన పోలిక ఒకటే, మా ఊరి కాలువ. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ఆనకట్ట కట్టించాడు. అక్కణ్ణుంచి పెద్ద కాలువలు, వాటికి పిల్ల కాలువలు, చివరికి పొలంలోకి బోదెలు. కాలువకీ బోదెకీ మధ్య తూము. ఆ తూము తలుపు ఎత్తేవాడు లస్కరు. మా ఊరి లస్కరుని పిల్లలందరం మావయ్యా అనేవాళ్లం. ఖాకీ నిక్కరు, భుజాన గొడుగు, చేతిలో తాళాల గుత్తి. కలెక్టరు ఎవరో మాకు తెలియదు కానీ, లస్కరు మావయ్య నడిచొస్తుంటే గట్టు మీద పెద్దరైతులు కూడా లేచి నిలబడేవారు.

బొండాం ఒంట్లో రక్తం కాలువ అనుకోండి. అందులో పారే చక్కెర నీళ్లు. కండలు, కాలేయం ఇవన్నీ పొలాలు. ఇన్సులిన్ అనే లస్కరు వచ్చి తూములు ఎత్తితేనే నీళ్లు మళ్లలోకి పోతాయి. ఈ లస్కర్లు బయల్దేరే ఆఫీసు పొట్టలో ఉంది, దాన్ని క్లోమం అంటారు. బొండాంకి జరిగింది ఏమిటంటే, వాడికి తొమ్మిదేళ్లొచ్చాయి, బరువు ఏడు కిలోలైంది. మా కాలువలో గుర్రపుడెక్క అల్లుకుని తూము తలుపు కదలనివ్వదు చూశారూ, కొవ్వు అలాంటిది. లస్కరు లాగుతాడు, లాగుతాడు, తలుపు లేవదు. ఆఫీసు ఇంకో నలుగుర్ని పంపుతుంది. కొన్నాళ్లకి అందరూ అలిసిపోతారు, రావడమే మానేస్తారు. కాలువ నిండా నీళ్లు, పొలం మాత్రం నెర్రెలు బారింది. అందుకే వాడు గిన్నెలు గిన్నెలు తింటూ కూడా చిక్కిపోయాడు. ఆకలి వేసేది పొలానికి, నీళ్లున్నది కాలువలో.

కాలువ నిండితే ఏమవుతుంది? గట్టు పొర్లుతుంది. కిడ్నీలే ఆ గట్టు. మనుషులకి రక్తంలో చక్కెర 180 దాటితే పొర్లుతుంది. పిల్లి గట్టు కాస్త ఎత్తు, 250 నుంచి 290 దాకా ఆపుతుంది. అది దాటాక మురుగు కాలువలోకి పోతుంది. పోతూ ఒంట్లో నీళ్లని కూడా వెంట లాక్కుపోతుంది. కనుక మాటిమాటికీ ఉచ్చ, ఉచ్చ పోసినకొద్దీ దాహం. ఇంట్లో తడి ఎక్కువవుతోందని వాడికి నీళ్లు తగ్గించారేమో, ఆ పని అస్సలు చేయొద్దు. పిల్లి రోజుకి తన బరువులో కిలోకి వంద మిల్లీలీటర్లకు మించి తాగుతోందంటే అది అతిదాహం. గిన్నెలో కొలిచి పోసి, మర్నాడు మిగిలింది కొలిచి రాసిపెట్టడం బాబీ పని.

బిస్కట్ల సంగతికి వస్తాను. చిన్నప్పుడు మా బామ్మ పిల్లికి తాటిబెల్లం పెట్టి, తింటుందని అన్నయ్యతో అణా పందెం కాశాను. అది బెల్లం వాసన చూసి, నా మొహం చూసి, మూతి తిప్పుకుని కాలు నాక్కుంటూ కూచుంది. అణా పోయింది. "దానికి నాలుక మీద తీపి రాయలేదురా దేవుడు" అంది బామ్మ. ఆవిడ ఊరికే అన్నమాట అది. కానీ 2005లో శాస్త్రజ్ఞులు పిల్లుల్లో తీపిని పసిగట్టే జన్యువు ఒకటి పాడైపోయి, పనిచేయకుండా ఉందని తేల్చారు. ఇంటిపిల్లిలోనే కాదు, పులిలోనూ చీతాలోనూ అంతేనట. అడవిలో పులికి మామిడిపండు రుచి తెలియదంటే నాకు ఇప్పటికీ జాలేస్తుంది. మరి వాడు బిస్కట్ ఎందుకు తిన్నాడంటే, అందులో వెన్న వాసన కోసం. తీపి తెలియకపోయినా పిండి ఒంట్లోకి చేరి చక్కెరే అవుతుంది. పిల్లి మాంసం మీద బతకాల్సిన జీవి. తనకి కావలసిన చక్కెరని దాని కాలేయం మాంసంలోంచే తయారుచేసుకుంటుంది. మనమేమో పెరుగన్నం కలిపి పెడతాం. మా బామ్మా పెట్టింది, మీ అమ్మమ్మా పెట్టింది. ఆ రోజుల్లో పిల్లి గోడలెక్కి, ఎలకల్ని పట్టి అరిగించుకునేది. బొండాం మూడో అంతస్తు ఫ్లాట్‌లో సోఫా మీద అరిగించుకోవాలి. కాబట్టి బాబీ, నీ బిస్కట్లు ఒక్కటే కారణం కాదు. వయసు, బరువు, మగపిల్లి కావడం, కదలకపోవడం, ఇవన్నీ కలిశాయి. ఇకమీదట మాత్రం పెట్టకు.

తిండి తగ్గించి పస్తు పెడదామని మీ నాన్న అన్నాడట. పిల్లుల దగ్గర అది కుదరదు. లావు పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే కొవ్వంతా కాలేయంలో పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది. పిండి తక్కువ, మాంసం ఎక్కువ ఉన్న తిండికి నెమ్మదిగా మార్చాలి. అది కూడా డాక్టరు గారికి చెప్పే మార్చాలి, ఎందుకంటే తిండిలో పిండి తగ్గితే ఇన్సులిన్ అవసరం ఒక్కసారిగా పడిపోవచ్చు.

ఇప్పుడు నా దొంగతనం చెబుతాను, మీ అమ్మకి తెలియదు. నాకు పన్నెండేళ్లప్పుడు వంతు నీళ్లు రాక మా ఆకుమడి ఎండిపోతోంది. నాన్న దిగులుగా ఉన్నాడు. నేను రాత్రి లాంతరు కూడా లేకుండా వెళ్లి తూము తలుపు ఎత్తేశాను. ఎత్తానో లేదో చీకట్లో సరిగ్గా తెలియలేదు. అనుమానం వచ్చి ఇంకో రెండు మరలు తిప్పాను. తెల్లారి చూస్తే మాది మునిగింది, పక్కవాళ్ల ఆకుమడీ మునిగింది. లస్కరు మావయ్య నన్ను కొట్టలేదు. "ఎత్తానా లేదా అని అనుమానమొస్తే తలుపు ముట్టుకోకూడదురా, తెల్లారేదాకా ఆగాలి" అన్నాడు.

ఇన్సులిన్‌కి కూడా అదే కట్టుబాటు. సూది గుచ్చేటప్పుడు బొండాం కదిలాడు, మందు లోపలికి పోయిందో, బొచ్చు మీద కారిందో తెలియలేదు అనుకోండి. రెండోసారి గుచ్చకూడదు. ఆ పూటకి వదిలేసి, మళ్లీ వేళకి ఇవ్వాలి. ఒక పూట చక్కెర ఎక్కువైతే ప్రమాదం లేదు. తక్కువైతేనే భయం. కాలువ చివర ఊరి మంచినీళ్ల చెరువు ఉంటుంది, తూములన్నీ ఒకేసారి ఎత్తేస్తే దానికి చుక్క రాదు. మెదడు ఆ చెరువు. వాడు తూలుతున్నా, పిలిస్తే పలక్కుండా వెర్రిగా చూస్తున్నా, వణుకుతున్నా ఆలస్యం చేయొద్దు. తేనె గానీ చక్కెర పాకం గానీ వేలితో చిగుళ్లకి రాసి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. తెలివి లేనప్పుడు నోట్లో పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒక చిన్న తేనె సీసా ఫ్రిజ్ పక్కనే పెట్టించు చిన్నీ. అది నీ డ్యూటీ.

సూది మీరు వేయొద్దు, అమ్మే వేస్తుంది. మీరు చూడండి. ముందు గిన్నెలో తిండి పెడతారు, వాడు తినడం మొదలెట్టాక పక్కటెముకల దగ్గర చర్మం చిన్న గుడారంలా పైకి పట్టి, దాని కింద గుచ్చుతారు. మా సూదులు వెంట్రుకంత సన్నం. నొప్పి పుడుతుందా అంటే, నా అనుభవంలో దోమ కుట్టినంత కూడా ఉండదు. వాడు తిండి మీదనుంచి తల కూడా ఎత్తకపోవచ్చు. తినకపోయినా, వాంతి చేసుకున్నా మాత్రం మామూలు డోసు ఇచ్చేయకుండా డాక్టరుకి ఫోన్ చేయాలి. రోజుకి రెండుసార్లు, పన్నెండు గంటల తేడాతో. పొద్దున ఏడింటికైతే రాత్రి ఏడింటికి. మీ అమ్మమ్మ సీరియల్ టైము అదే, గుర్తుంటుంది.

ఒక్కటి మాత్రం మీ నాన్నకి గట్టిగా చెప్పండి. మన మందుల షాపుల్లో ఇన్సులిన్ రెండు రకాల బలంలో దొరుకుతుంది, మిల్లీలీటరుకి 40 యూనిట్లది, 100 యూనిట్లది. సిరంజీలూ రెండు రకాలు. 40ది ఎర్రమూత, 100ది నారింజ మూత. వంద బలం ఉన్న మందుని ఎర్రమూత సిరంజీలో "ఒక యూనిట్" గీత దాకా లాగితే, లోపలికి వెళ్లేది రెండున్నర యూనిట్లు! నేనే ఒకసారి షాపులో తప్పు సిరంజీ తెచ్చుకుని, ఇంటికొచ్చి మూత రంగు చూసి చెమటలు పట్టాను. మనిషినైన నాకే అంత టెన్షన్ వస్తే, ఒక్క యూనిట్‌తో మొదలుపెట్టే పిల్లి సంగతి ఆలోచించండి. సీసా మీద అంకె, మూత రంగు, రెండూ రోజూ చూడాలి. సీసాని ఫ్రిజ్ తలుపులో పెట్టాలి, డీప్ ఫ్రీజర్‌లో కాదు. గడగడా ఊపకూడదు.

ఆసుపత్రిలో చక్కెర 412 వచ్చిందని అమ్మ ఏడ్చిందట. ఆ అంకెలో కొంత భయం కూడా ఉంది. పిల్లికి బెదురు పుడితే ఒంట్లో చక్కెర ఒక్కసారి ఎగబాకుతుంది. బుట్టలో కుక్కి, ఆటోలో తిప్పి, కుక్కల మధ్య కూర్చోబెడితే ఎవరికైనా ఎగబాకుతుంది. అందుకే డాక్టరు గారు ఫ్రక్టోసమీన్ అని ఇంకో పరీక్ష రాశారు. అది గత రెండు వారాల సగటు చెబుతుంది, ఆ రోజు బెదురు దాన్ని మార్చలేదు. ఇంట్లో చెవి అంచు మీద చిన్న చుక్క తీసి చూడటం నేర్పుతారు. మనుషుల మీటరు పిల్లి రక్తాన్ని అసలు కన్నా కొంచెం తక్కువగా చూపిస్తుంటుంది, ఆ తేడా ఎంతో డాక్టరునే అడగాలి.

మంచి మాట ఒకటి ఉంది. నాకు లేని అదృష్టం బొండాంకి ఉండొచ్చు. మొదట్లోనే ఇన్సులిన్ సక్రమంగా ఇచ్చి, ఒళ్లు తగ్గిస్తే, కొన్ని పిల్లుల్లో అలిసిపోయిన పాత లస్కర్లు విశ్రాంతి తీసుకుని మళ్లీ డ్యూటీకి వస్తారు. అప్పుడు సూది అవసరమే లేకుండా పోతుంది. అందరికీ కాదు. మళ్లీ తిరగబెట్టొచ్చు కూడా. ఎందుకు కొన్నింటికి అలా జరుగుతుంది, కొన్నింటికి జరగదు అంటే, ఇక్కడికి వచ్చేసరికి నా కాలువ పోలిక ఎండిపోయింది. కాలువలో లస్కరు సెలవు పెడితే బదిలీ ఉత్తర్వు వస్తుంది, ఒంట్లో ఆ ఉత్తర్వు ఎవరు రాస్తారో నాకు అంతుపట్టదు.

ఈ మందు దొరికిన కథ ఇంకోసారి రాస్తాను. 1921లో కెనడాలోని టొరంటోలో కుక్కల మీద మొదలై, 1922 జనవరిలో లియొనార్డ్ థామ్సన్ అనే పద్నాలుగేళ్ల అబ్బాయికి మొదటి సూది వేశారు. చిన్నీ, నీకన్నా రెండేళ్లే పెద్ద. అంతకుముందు ఇలాంటి పిల్లల్ని బతికించే దారే లేదు.

ఇప్పుడు మీకు ఒక పని. కొన్ని షుగర్ పిల్లులకి వెనక కాళ్ల నరాలు దెబ్బతిని, మడమ నేలకి ఆనించి నడుస్తాయి. మామూలు పిల్లి వేళ్ల మీదే నడుస్తుంది. ఒక తడి గుడ్డని హాల్లో గుమ్మం దగ్గర పరిచి, అవతల వాడి గిన్నె పెట్టండి. గుడ్డ తొక్కుకుంటూ వస్తాడు. పొడి నేల మీద పడిన వెనక కాళ్ల ముద్రలు చూడండి. గుండ్రంగా చిన్న పువ్వులా ఉన్నాయా, వెనక్కి పొడుగ్గా తోకలా సాగాయా? ఆరిపోయేలోగా కాగితం మీద గీసి, తారీఖు వేసి నాకు పంపండి. నెలయ్యాక మళ్లీ ఒకటి పంపండి. రెండూ పక్కపక్కన పెట్టుకుని నేను ఇక్కడ చూస్తాను.

మీ తాతయ్య

తా.క. ఇంతకీ చీమలు ఇంకా వస్తున్నాయా? వాటిని తోలేముందు రోజుకి ఎన్ని వచ్చాయో లెక్క రాయండి.