తాత పేరు నుంచి అమ్మమ్మ ఇంటి దాకా

ఇవాళ తెలుగులో వచన కవిత్వం రాసేవాళ్లలో అమ్మమ్మ మీదో తాతయ్య మీదో ఒక్క కవితైనా రాయనివాళ్లు తక్కువ. ఇదేదో మొదటి నుంచీ ఉన్న సంప్రదాయం అనిపిస్తుంది గానీ, కాదు.

పాత కావ్యాల్లో తాత కనిపించేది అవతారికలో, అంటే కావ్యం మొదట్లో కవి తన వంశం చెప్పుకునే చోట. 13వ శతాబ్దంలో తిక్కన నిర్వచనోత్తర రామాయణం మొదలుపెడుతూ గుంటూరు విభుడైన మంత్రి భాస్కరుణ్ణి తలుచుకుంటాడు. మా తాతను చూసైనా లోకం నన్ను ఆదరిస్తుంది, నా కావ్యం గుణాలు వేరే చెప్పుకోవడం ఎందుకు అంటాడు. శ్రీనాథుడు ఇంకాస్త దగ్గరికి వచ్చి కమలనాభుణ్ణి ‘మా యనుగుఁ దాత’ అన్నాడు. అంత ముద్దుగా పిలిచాక చెప్పిందేమిటంటే, ఆయన సముద్రం ఒడ్డు పట్టణానికి అధిపతి, పద్మపురాణ సంగ్రహం రాసినవాడు. ఆ తాత మనవణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడా లేదా అన్నది పద్యానికి పట్టదు. పట్టాలనడం కూడా అన్యాయమే. అక్కడ తాత కవికి పూచీ నిలబడ్డ పెద్దమనిషి. నాయనమ్మ, అమ్మమ్మల ఊసు వచ్చినా ఎక్కువగా పేరుతోనే సరి.

1920ల నాటి భావకవులు సొంత గోడును పద్యంలోకి తెచ్చారు, కానీ వాళ్ల మనసు ప్రేయసి చుట్టూనే ఎక్కువ తిరిగింది.

పిల్ల కళ్లతో చూసిన ముసలివాళ్లు కవిత్వంలోకి రావడానికి ఉమ్మడి ఇళ్లు చెదిరిపోవడం పెద్ద కారణమని నా అభిప్రాయం. కేరళలో ఇది బాగా తెలుస్తుంది. అక్కడి నాయర్ల తరవాడుల్లో, అంటే ఉమ్మడి ఇళ్లలో, వంశం తల్లి వైపు నుంచే నడిచేది కాబట్టి ఇంటికి అమ్మమ్మే ఆధారం. 1930ల చట్టాలతో ఆస్తి పంపకాలకు దారి దొరికింది. 1975 చట్టం ఉమ్మడి కుటుంబ వ్యవస్థనే రద్దు చేసింది. ఈ చట్టాల నడుమ కాలంలోనే పున్నయూర్కుళం అనే కేరళ ఊళ్లోని నాలప్పాట్ కుటుంబం నుంచి ఇద్దరు రాశారు. బాలామణి అమ్మ మలయాళంలో ‘ముత్తశ్శి’, అంటే అమ్మమ్మ, 1962లో తెచ్చారు. దానికి 1965లో కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. అదే ఏడు ఆమె కూతురు కమలాదాస్ ఇంగ్లీషు కవితల పుస్తకం ‘సమ్మర్ ఇన్ కలకత్తా’ వెలువడింది. అందులో అమ్మమ్మ ఇంటి కవిత ఉంది. అమ్మమ్మ పోయాక ఇల్లు మూగబోయింది, పుస్తకాల మధ్య పాములు తిరిగాయి. అప్పటికి కవితలోని పిల్లకు చదవడం రాదు. పెద్దయ్యాక ఆ పిల్లే పరాయి గుమ్మాల దగ్గర ప్రేమను చిల్లరగానైనా అడుక్కుంటోంది. అమ్మమ్మ రూపురేఖల గురించి కవితలో దాదాపు ఏమీ లేదు, ఉన్నదంతా ఆమె లేని ఇల్లే.

మరుసటి ఏడు, 1966లో, ఐర్లండ్ కవి షేమస్ హీనీ మొదటి పెద్ద సంపుటి వచ్చింది. తాత బురదనేలలో ఎండాక పొయ్యిలో మండే పీట్ మట్టి గడ్డలు కోస్తుంటే పాల సీసా పట్టుకెళ్లిన పిల్లాడు అందులో ఉన్నాడు. సీసాకు మూత కాగితం ముక్క. తాత కాయకష్టం గొప్పగా చెప్పుకోదగ్గదేనన్న ధైర్యం అందులో ఉంది. మన దగ్గర 1985లో కారంచేడులో దళితుల ఊచకోత తర్వాత బలపడ్డ దళిత కవిత్వంలోనూ తాతముత్తాతల చాకిరీ ఇలాగే తలెత్తుకుని వచ్చింది, కాకపోతే కోపంతో.

ఒడిశా కవి జయంత మహాపాత్ర తాత కవితలో చిన్ననాటి ముద్దుముచ్చట్లు వెతికితే దొరకవు. 1866 కరువులో చావుకు దగ్గరపడి, ఆకలికి తాళలేక క్రైస్తవం పుచ్చుకున్న చింతామణి మహాపాత్ర ఆ తాత. మనవడి చేతికొచ్చింది పసుపుబారిన డైరీ. పిరికివాడివై పారిపోయావని మనవడు అనేస్తాడు. మళ్లీ తనే, నీ గురించి ఇంకొంచెం తెలిస్తే బాగుండేదంటాడు.