గారపళ్లు, బోరు, చెరువు

పిల్లలూ,

మొన్న మీ పర్యావరణ ప్రాజెక్టు చార్టు చూశాను. బొమ్మలు బాగున్నాయి. ఒక డబ్బాలో చెరువు, ఒక దాంట్లో బోరు, ఇంకో దాంట్లో గారపళ్ల పిల్లవాడు. వాటి నడుమ ఒక్క బాణం కూడా లేదు. అసలు ప్రాజెక్టు ఆ బాణాల్లోనే ఉంది.

మన నల్లగొండ నేల కింద ఉన్నది గ్రానైటు. అందులోని కొన్ని ఖనిజాల్లో ఫ్లోరైడ్ ఉంటుంది. ఆ రాతి పగుళ్లలో నీళ్లు ఎంత కాలం నిలిస్తే అంత ఎక్కువ ఫ్లోరైడ్ కరుగుతుంది. అలాంటి నీళ్లు తాగిన పిల్లల పళ్లకే గార పడుతుంది. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగొద్దు. నీళ్లలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తీసే పద్ధతికి 'నల్లగొండ పద్ధతి' అనే పేరు. ఏం పేరు తెచ్చుకున్నామో చూడండి!

నా చిన్నప్పుడు చెరువు అలుగు పోస్తే దాని కింది బాయిలన్నీ నిండేవి. తర్వాత చెరువు పూడింది, బాయి ఎండింది. బోరు వేశాను. పక్క చేను ఆయన బోరు ఎండింది. ఆయన ఇంకా లోతుకు వేశాడు, నాది ఎండింది. మూడు బోర్లకు అప్పులపాలై, రెండేళ్లు ఆయనతో మాట్లాడలేదు. ఆయన చేసిందే నేనూ చేశానని అప్పుడు తట్టలేదు. లోతుకు పోయిన కొద్దీ ఎన్నాళ్లుగానో రాతిలో నిలిచిన నీళ్లు పైకొచ్చాయి. అవే మా ఇంట్లో తాగాం.

ఇప్పుడు కృష్ణ నీళ్లు నల్లాల్లో వస్తున్నాయి, కాబట్టి పళ్ల వైపు పోయే బాణం సన్నబడింది. బోరుకూ బోరుకూ మధ్య పోటీ మాత్రం అలాగే ఉంది.

ఇక మీ పని. సుతిలి తాడుకు రాయి కట్టి, అడుగుకో ముడి వేయండి. ప్రతి సోమవారం చెరువు కింది బాయిలో ఒకసారి, దూరంగా ఉన్న బాయిలో ఒకసారి దించండి. పక్కన పెద్దవాళ్లు లేనిదే బాయి దగ్గరికి పోవద్దు. రాయి నీళ్లు తాకి బుడుంగుమన్న చోట ఆపి, గట్టు దాకా ముడులు లెక్కపెట్టండి. ఆ వారం వాన ఎంత పడిందో పక్కనే రాయండి. వాన పడ్డ రోజే బాయి పెరగకపోవచ్చు. కంగారుపడొద్దు, ఎన్ని వారాలకు పెరిగిందో చూడండి. నాకైతే ఆ ఆలస్యమే అన్నిటికంటే ఆసక్తి. మేం మోసపోయింది అక్కడే: ఈ ఏడు తోడిన దాని దెబ్బ వచ్చే ఏడు గానీ తెలిసేది కాదు.

సంక్రాంతికి వస్తాను, నోట్‌బుక్ చూపించండి. ఏదైనా సోమవారం మరిచిపోతే ఆ గడి ఖాళీగా వదిలేయండి. అందాజాగా నింపొద్దు.

మీ తాత