యాక్సిడెంట్‌లో తప్పు ఎదుటివాళ్ళదైనా బిల్లు మీ పేరు మీదే వస్తుంది

"వాళ్ళే వచ్చి గుద్దారండీ. పోలీసు రిపోర్టులో కూడా తప్పు వాళ్ళదే అని రాశారు. మరి బిల్లు నాకెందుకు వచ్చింది?"

అమెరికాలో, టెక్సస్‌లోని డాలస్‌లో మెడికల్ బిల్లింగ్ పని చేస్తున్న నాకు మనవాళ్ళ నుంచి ఈ ఫోను వస్తూనే ఉంటుంది. కారు పోయి, మెడ పట్టేసి, దాని మీద ఈ టెన్షన్. వాళ్ళ కంగారు నాకు అర్థమవుతుంది. వాళ్ళకు ఎవరో చెప్పిన సలహా చూస్తేనే ఒళ్ళు మండుతుంది.

అపోహ: టెక్సస్ ఎట్-ఫాల్ట్ రాష్ట్రం, అంటే తప్పు ఎవరిదైతే నష్టం వాళ్ళే భరించాలి. అవతలివాళ్ళ ఇన్సూరెన్స్ బిల్లులు వచ్చినవి వచ్చినట్టు కట్టేస్తుంది. మన హెల్త్ ఇన్సూరెన్స్ కార్డు బయటికి తీయకూడదు.

వాస్తవం: అవతలి కంపెనీ దాదాపు ఎప్పుడూ బిల్లుకు బిల్లు కట్టదు. మీ వైద్యం పూర్తయ్యాక, బేరం తెగాక, రిలీజ్ (ఇక ఏమీ అడగనని రాసిచ్చే పత్రం) మీద సంతకం పెట్టించుకుని ఒకేసారి చెక్కు ఇస్తుంది. అదే సెటిల్‌మెంట్. ఏడాది పట్టినా ఆశ్చర్యం లేదు. అడ్జస్టర్ (క్లెయిమ్ చూసే ఆ కంపెనీ ఉద్యోగి) ఇచ్చిన క్లెయిమ్ నంబరు ఆసుపత్రికి చెప్పినంత మాత్రాన బాకీ వాళ్ళ నెత్తికి పోదు. ఆలోగా ఆసుపత్రి, ఇ.ఆర్. (ఎమర్జెన్సీ రూమ్) డాక్టరు, రేడియాలజిస్టు, అంబులెన్సు, తలా ఒక బిల్లు మీ ఇంటికే పంపుతారు. కట్టకపోతే బాకీ కలెక్షన్స్‌కు (అప్పు వసూలు ఏజెన్సీకి) పోతుంది.

ఒకబ్బాయి ఇండియన్ స్టోర్ సంచి నిండా కవర్లు పట్టుకొచ్చాడు. సగం చింపనేలేదు. యాక్సిడెంటై ఎనిమిది నెలలు. ఇ.ఆర్. రిజిస్ట్రేషన్ దగ్గర "నా ఇన్సూరెన్స్‌కు పంపొద్దు, తప్పు అవతలివాడిది" అని చెప్పాడట, స్నేహితుడి సలహా మీద. నేలమీద కూర్చుని కవర్లన్నీ తేదీల వారీగా పేర్చాం. అంబులెన్సువాళ్ళ దగ్గర అతని కార్డు వివరాలు ముందునుంచే ఉన్నాయట, వాళ్ళు అతని హెల్త్ ఇన్సూరెన్స్ ప్లాన్‌కే పంపారు. ప్లాన్ నుంచి ఒక పేజీ ఫారం వచ్చింది: "ఈ చికిత్స యాక్సిడెంట్ వల్లనా? ఎప్పుడు, ఎక్కడ?" దాన్నీ అతను తెరవలేదు. జవాబు రాక ఆ క్లెయిమ్ ఆపేశారు. ఫారం నింపి పంపితే అది ఒక్కటీ కదిలింది. ఆసుపత్రి బిల్లుకు మాత్రం ప్లాన్ పెట్టిన గడువు దాటిపోయింది. ఎన్ని అప్పీళ్ళు వేసినా ఫలితం లేదు. ఆ మొత్తం చివరికి అతని సెటిల్‌మెంట్ లోంచే పోయింది.

అందుకే మొదటి రోజే కార్డు ఇవ్వండి. ఆ ఫారం వస్తే వెంటనే నింపండి. ప్లాన్ ద్వారా వెళ్తే ఆసుపత్రి వేసిన ధర కాక, ఒప్పందం ధర వర్తిస్తుంది. కొన్ని ఆసుపత్రులు ప్లాన్‌కు పంపకుండా సెటిల్‌మెంట్ మీద లియెన్ (ఆ డబ్బులోంచి ముందు మాకే కట్టాలనే హక్కు) వేయాలని చూస్తాయి. యాక్సిడెంటైన 72 గంటల లోపు చేరితే టెక్సస్ చట్టం దానికి వీలిస్తుంది. ప్లాన్‌కే పంపమని రాతపూర్వకంగా అడగండి.

"ప్లాన్ తర్వాత ఆ డబ్బు వెనక్కి అడుగుతుందిగా?" అవును, దాన్నే సబ్రొగేషన్ అంటారు. కానీ అడిగేది అది కట్టిన తగ్గింపు మొత్తమే. దాని మీద కూడా చాలాసార్లు బేరం ఆడొచ్చు.

అపోహ: తప్పు వాళ్ళది కాబట్టి ఎంతైనా వస్తుంది. వాస్తవం: టెక్సస్‌లో కనీస పాలసీ మనిషికి 30 వేల డాలర్లు, యాక్సిడెంట్ మొత్తానికి 60 వేలు. ఒక ఆపరేషన్ అయితే 30 వేలు ఏ మూలకు? మిగతాదానికి మీ సొంత పాలసీలో అండర్ఇన్స్యూర్డ్ మోటరిస్ట్ కవరేజి (అవతలివాళ్ళ పాలసీ చాలనప్పుడు ఆదుకునేది) ఉండాలి.

అపోహ: హెచ్1బి వాళ్ళు, విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలు క్లెయిమ్ వేయకూడదు. అబద్ధం. దెబ్బ తిన్నవాళ్ళ వీసాతో దీనికి పని లేదు. దావా వేయాల్సి వస్తే గడువు మామూలుగా రెండేళ్ళు, అంతే.

ఇక పిఐపి (పర్సనల్ ఇంజురీ ప్రొటెక్షన్), అంటే మీ సొంత ఆటో పాలసీలోనే వైద్యం ఖర్చులకు ఉండే కవరేజి. టెక్సస్‌లో ఆటో ఇన్సూరెన్స్ కంపెనీ కనీసం 2,500 డాలర్ల పిఐపి ఇవ్వజూపాలి, వద్దంటే మీరు రాతపూర్వకంగా చెప్పాలి. తప్పెవరిదైనా, సెటిల్‌మెంట్ కోసం ఆగకుండానే బిల్లులకు చేతికొస్తుంది. మీ కారులో కూర్చున్న అమ్మానాన్నలకూ వర్తిస్తుంది. నెలకు కొద్ది డాలర్లు మిగులుతాయని ఆన్‌లైన్‌లో టిక్కు పెట్టి వద్దన్నవాళ్ళు చాలామంది, వద్దన్న సంగతి కూడా గుర్తుండదు. అమ్మానాన్నల ఫ్లైటు దిగేలోపు మీ పాలసీ డిక్లరేషన్ పేజీ (ఏ కవరేజి ఎంత ఉందో చూపే కాగితం) తీసి, పిఐపి ఎదురుగా ఏం రాసుందో చూసుకోండి.