పొర వయసు చెప్పే చుట్టల గుల్ల

ఒక చోట నల్లటి బంకమట్టి పొర, ఎంతో దూరంలో అచ్చం అలాంటిదే మరొకటి. రంగు ఒకటే కదా అని రెండూ ఒకే కాలానివి అనుకుంటే పప్పులో కాలేసినట్టే. బురద ఏ కాలంలోనైనా బురదే. అందులో బతికిన ప్రాణులు మాత్రం మారుతూ వచ్చాయి. ఒకసారి అంతరించిన జాతి మళ్లీ పుట్టదు.

ఈ తేడాను పట్టుకున్నవాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది విలియం స్మిత్ అనే సర్వేయర్ గురించి. 1790లలో ఇంగ్లండులోని సోమర్సెట్‌లో బొగ్గు రవాణా కాలువ పనిలో ఉండగా, ఏ పొర శిలాజాలు ఆ పొరకే ప్రత్యేకమని గమనించాడు.

భూమి చరిత్రలో జురాసిక్ అనే కాలం పేరు వినగానే డైనోసార్లు గుర్తొస్తాయి. పొరల వయసు తేల్చడంలో అవి పెద్దగా అక్కరకు రావు, వాటి ఎముకలు దొరకడమే అరుదు. ఈ పనికి పనికొచ్చేది అమ్మోనైట్, స్క్విడ్‌లకు దూరపు చుట్టమైన సముద్రజీవి. దాని గుల్లను చేతిలోకి తీసుకుంటే చుట్టల మీద అడ్డంగా గట్లు తగులుతాయి. కొన్ని జాతుల్లో అవి సూటిగా, కొన్నిట్లో కొడవలిలా వంగి, మరికొన్నిట్లో అంచు దగ్గర రెండుగా చీలి ఉంటాయి. పైపెంకు ఊడినచోట లోపలి గదుల గోడలు అతుక్కున్న గీతలు మెలికలు మెలికలుగా కనబడతాయి. వీటిని బట్టే జాతిని గుర్తుపడతారు. అమ్మోనైట్ జాతులు త్వరగా మారిపోయేవి, సముద్రాల్లో చాలా దూరం వ్యాపించేవి. కాలం కొలిచేవాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి!

జర్మన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ ఒపెల్ 1856-58లో రాయి రకాన్ని పక్కనపెట్టి, ఒక్కో జాతి ఏ పొరలో మొదలై ఎక్కడ ఆగిందో చూశాడు. జర్మనీ, ఫ్రాన్స్, ఇంగ్లండ్ పొరల్ని అలా పోల్చి జురాసిక్‌ను 33 జోన్లుగా, అంటే వాటిలోని జాతులను బట్టి గుర్తుపట్టే కాలపు ముక్కలుగా, విడగొట్టాడు. 34 ఏళ్లకే చనిపోయిన మనిషికి అంత ఓపిక ఎక్కడిదా అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

చిక్కులూ ఉన్నాయి. పాత పొర కోసుకుపోయి అందులోని గుల్ల కొత్త పొరలో చేరొచ్చు. అందుకే ఒక్క గుల్లను నమ్మరు, కలిసి దొరికే గుంపును చూస్తారు. జురాసిక్ చివర్లో ఉత్తర సముద్రాల జాతులు, దక్షిణాదివి బాగా వేరైపోయాయి. అక్కడ పొరలను జత కలపడం ఇంకా తలనొప్పే.

పైగా గుల్ల ముందూ వెనకా చెబుతుంది గానీ, ఎన్నేళ్లో చెప్పదు. అందుకు అగ్నిపర్వత బూడిద కావాలి. ఉత్తర పెరూలో అమ్మోనైట్ పొరల మధ్యే బూడిద పొరలు దొరికాయి. వాటిలోని జిర్కాన్ అనే ఖనిజపు స్ఫటికాల్లో యురేనియం ఎంత మేర సీసంగా మారిందో కొలిచి, జురాసిక్ సుమారు 20.1 కోట్ల సంవత్సరాల క్రితం మొదలైందని లెక్కగట్టారు. ఆ మొదలుకు అధికారిక గుర్తు ఆస్ట్రియా ఆల్ప్స్‌లో కూయోఖ్ అనేచోట ఉంది: సైలోసెరాస్ స్పెలే అనే అమ్మోనైట్ మొదటిసారి కనిపించే పొర.