మూత తీయని కోన్యాక్ వయసెంత?

2020 మే నెలలో సదబీస్ ఆన్‌లైన్ వేలంలో ‘గోతియే 1762’ అనే కోన్యాక్ (ఒక ఫ్రెంచి బ్రాందీ) సీసా 1,18,580 పౌండ్లకు పోయింది. అంటే కోటి రూపాయలకు పైమాటే. దారంతో కట్టిన దాని పాత లేబుల్ ఇంకా దానికే ఉంది. పైగా ఆ సీసా తరాలుగా ఒకే కుటుంబం దగ్గర ఉంది. నన్నడిగితే, ఆ డబ్బులో సగం ఈ రెండు విషయాలకే. లోపల ఉన్నది ఎలా ఉంటుందో మూత తీస్తే గానీ తెలియదు, తీస్తే ఆ ధర ఉండదు. అందుకే పాత సీసాలు సేకరించేవాళ్లకు రుచి చూడటం కంటే రికార్డు రాయడం పెద్ద పని.

ఫ్రాన్స్‌లోని షరాంత్ ప్రాంతంలో తెల్ల ద్రాక్ష సారాయిని రాగి బట్టీల్లో రెండుసార్లు కాచి, కనీసం రెండేళ్లు ఓక్ పీపాల్లో ఉంచితే కోన్యాక్ అవుతుంది. రంగు, వాసన చాలావరకు ఆ చెక్క నుంచి వచ్చేవే. సీసాలోకి ఎత్తాక ఆ పని ఆగిపోతుంది. ఇరవై ఏళ్లు పీపాలో ఉన్న సరుకును 1900లో సీసాకెత్తితే, ఈరోజుకీ అది ఇరవై ఏళ్ల కోన్యాకే. కాబట్టి రికార్డులో కాచిన సంవత్సరం, సీసాకెత్తిన సంవత్సరం విడివిడిగా రాయాలి. వీటికి తోడు మూడో అంకె ఒకటి జనాన్ని తికమక పెడుతుంది. మార్టెల్ మీద 1715, రెమీ మార్టాఁ మీద 1724 కనిపిస్తే అవి ఆ కంపెనీలు పుట్టిన ఏళ్లు. అమ్మేవాళ్లలో కొందరు ఆ సంగతి తెలిసీ చెప్పరు.

సీసాకెత్తిన కాలం పట్టుకోవడానికి ఆధారాలు లేబుల్ అంచుల్లో, గాజు మీద దొరుకుతాయి. అమెరికాలో అమ్మిన సీసా గాజు మీద, దాన్ని మళ్లీ అమ్మడం, వాడటం ఫెడరల్ చట్టం ప్రకారం నిషేధం అనే వాక్యం అచ్చొత్తి ఉంటే, అది 1935–64 మధ్య నియమానికి గుర్తు. అక్కడి సీసా మీద గర్భిణులకు హెచ్చరికతో ఆరోగ్య ప్రకటన ఉంటే 1989 చివరి తర్వాతిది. అక్కడే 750 మి.లీ. కొలత 1980కల్లా తప్పనిసరి అయింది, అంతకుముందు గ్యాలన్‌లో ఐదో వంతు లెక్క. బార్‌కోడ్ ఉంటే 1970ల కంటే ముందుది కాదు. ఇటలీకి వెళ్లిన సీసాల మూత మీద, మన ఎక్సైజ్ హోలోగ్రామ్‌లా, పన్ను చీటీ అతికించేవారు.

ఈ ఆధారాల్లో చాలావాటికి ఒకవైపే పదును. సీసా పక్కన ఉండే అచ్చు గీతనే తీసుకోండి. గీత మూతి అంచు దాకా సాగితే అది యంత్రం చేసిన సీసా. ఓవెన్స్ ఆటోమేటిక్ యంత్రం వచ్చింది 1903 ప్రాంతంలో కాబట్టి, సీసా ఆ తర్వాతిదని అనుకోవచ్చు. గీత మెడలోనే ఆగిపోతే మాత్రం పాతదని తేల్చలేం, చేత్తో మూతి తీర్చే పని ఆ తర్వాత కూడా చాలాకాలం సాగింది. అతినీలలోహిత టార్చి సంగతీ అంతే. 1950ల నుంచి కాగితంలో తెల్లదనం కోసం కలిపే రసాయనాలు ఆ వెలుగులో నీలంగా మెరుస్తాయి. 1890 నాటి లేబుల్ అలా మెరిసిందా, కథ అక్కడితో అయిపోయింది. మెరవకపోతే ఏమీ తేలదు.

ఇక సీసా స్థితి. అందరూ ముందు చూసేది ద్రవం ఎక్కడ నిలిచిందని. బిరడా గుండా ఆల్కహాల్, నీరు ఏళ్ల తరబడి ఆవిరై పోతుంటాయి. అందుకే ‘మట్టం తగ్గింది’ అని రాస్తే చాలదు, ఎక్కడ తగ్గిందో చెప్పాలి. మెడ లోపలి వ్యాసం 2 సెం.మీ. అనుకుంటే, అక్కడ ఒక సెంటీమీటరు దిగితే పోయింది 3 మి.లీ. మాత్రమే. 7 సెం.మీ. వ్యాసమున్న ఒంట్లో అదే సెంటీమీటరు దిగితే 38 మి.లీ. దాకా పోయినట్టు. మట్టాన్ని బిరడా అడుగు నుంచి మిల్లీమీటర్లలో కొలవాలి, ప్రతిసారీ అక్కడి నుంచే. నేనైతే తూకాన్నే ఎక్కువ నమ్ముతాను. గ్రాముల్లో తూచి తేదీ వేసి ఉంచితే, కంటికి ఆనని తగ్గుదల కూడా రెండేళ్ల తర్వాత బయటపడుతుంది.

ఫోటోలు ముందు, వెనక, పక్కలు, అడుగు, మూత అన్నీ స్కేలు పక్కన పెట్టి తీయాలి. వెనక నుంచి లైటు వేస్తే మట్టం, అడుగున మడ్డి కనిపిస్తాయి. పక్క నుంచి వేస్తే లేబుల్‌ని ఊడదీసి మళ్లీ అతికించిన ముడతలు తేలతాయి. దుమ్ము తుడవడం, పగిలిన లక్కకు కొత్త లక్క పూయడం లాంటి మంచి పనులు మాత్రం చేయొద్దు, అవే ఆధారాలు. సీసాని నిలబెట్టే ఉంచాలి. వైన్‌లా పడుకోబెడితే ఆల్కహాల్ బిరడాని తినేస్తుంది.

పాత సీసాలో కొత్త సరుకు పోసి ఉంటే? పాత వైన్‌ని తెరవకుండానే గామా కిరణాలతో పరీక్షిస్తారు. అణు పరీక్షల నుంచి వచ్చిన సీజియం-137 అనే రేడియోధార్మిక పదార్థం ఉందా అని చూస్తారు, ఉంటే ఆ వైన్ ఆ పరీక్షల తర్వాతిదే. ఈ ఉపాయం కోన్యాక్ దగ్గర పారదు, కాచేటప్పుడు సీజియం ఆవిరి కాకుండా బట్టీ అడుగునే ఉండిపోతుంది. కార్బన్ అలా కాదు, ఆల్కహాల్ అణువులోనే ఉంటుంది. అవే అణు పరీక్షల వల్ల 1963 ప్రాంతానికి ఉత్తరార్ధగోళపు గాలిలో కార్బన్-14 (రేడియోధార్మిక కార్బన్) దాదాపు రెట్టింపైంది, ఆ గాలి పీల్చిన ద్రాక్షలోకీ ఎక్కింది. 2017లో స్విట్జర్లాండ్‌లోని ఒక హోటల్లో 1878 నాటిదని అమ్మిన మెకాలన్ విస్కీ గుట్టు ఈ పరీక్షతోనే బయటపడింది. అది చాలావరకు 1970–72 నాటిదని ల్యాబ్ తేల్చింది. కాకపోతే ఈ పరీక్షకు లోపలి ద్రవం కొంచెం తీయక తప్పదు. ఆ పని చేసిన రోజున సీలు స్థితి, తీసిన పరిమాణం, తీయకముందు తూకం కూడా రికార్డులోకి ఎక్కాలి.