ఇల్లు కట్టడానికి దేశాలు దాటి వెళ్లాలా? గొడవ అసలు మొదలైంది హోండురస్‌లో

సెలవులు దగ్గరపడుతున్నాయంటే అమెరికాలో ఉన్న మన తెలుగు తల్లిదండ్రుల మధ్య ఈ వాదన మళ్లీ లేస్తుంది. హైస్కూల్ చదివే పిల్లల్ని గ్వాటెమాలాకో కంబోడియాకో పంపి, పదిరోజులు పేద కుటుంబాలకు ఇళ్లు కట్టే పనిలో పెట్టడం, దానికి విమానం టికెట్టు, ప్రోగ్రామ్ ఫీజు కలిపి వేల డాలర్లు కట్టడం. పిల్లలకు కష్టం విలువ తెలుస్తుంది, కాలేజీ అప్లికేషన్‌కూ పనికొస్తుంది అని ఒకరంటారు. ఆ డబ్బేదో అక్కడికి పంపిస్తే ఆ ఊరి మేస్త్రీలే కట్టుకుంటారు కదా అని ఇంకొకరు. 2024 డిసెంబర్ 29న అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ పోయినప్పుడు సుత్తి పట్టుకున్న ఆయన ఫొటోలు లోకమంతా తిరిగాయి, దాంతో ఈ చర్చకు ఇంకాస్త ఊపొచ్చింది.

మిలార్డ్ ఫుల్లర్, లిండా ఫుల్లర్ దంపతులు 1976లో జార్జియా రాష్ట్రంలో పేదలకు ఇళ్లు కట్టే హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ సంస్థ పెట్టడం, 1984లో కార్టర్ దంపతులు న్యూయార్క్ వెళ్లి పాడుబడ్డ భవనం బాగుచేసే పనిలో దిగడం, ఇవన్నీ చాలాసార్లు రాసినవే. అక్కడ ఆగను. ఇవాళ్టి గొడవ అర్థం కావాలంటే 1998 అక్టోబర్ చివరికి, హోండురస్‌కి వెళ్లాలి.

ఆ నెలాఖర్లో మిచ్ అనే హరికేన్ మధ్య అమెరికా మీద రోజుల తరబడి కదలకుండా కూర్చుని వాన కురిపించింది. ఆ ప్రాంతంలో పోయిన ప్రాణాలు 11 వేలు దాటాయని అంచనా. హోండురస్ రాజధాని తెగుసిగల్పాలో ఒక కొండ చరియ జారి నదికి అడ్డం పడింది, నీళ్లు వెనక్కి తన్ని ఊళ్లోకి వచ్చాయి. లెక్కలేనన్ని కుటుంబాలు రోడ్డున పడ్డాయి. టీవీల్లో అది చూసి ఉత్తర అమెరికా చర్చిల నుంచి జట్లు జట్లుగా జనం కదిలారు. వారం పదిరోజులు ఉండటం, పునాది తవ్వడం, బ్లాకులు మోయడం, ఆ కుటుంబంతో ఫొటో దిగి రావడం. మనసున్న మనుషులే, ఒళ్లు వంచి పనిచేశారు కూడా. అందులో నాకు ఏ అనుమానమూ లేదు.

హోండురస్‌లోనే ఏళ్ల తరబడి ఉంటున్న కర్ట్ వెర్ బీక్ అనే సోషియాలజీ ప్రొఫెసర్ ఈ ఇళ్ల సంగతి లోతుగా చూడాలనుకున్నాడు. అమెరికాలోని కాల్విన్ కాలేజీ మనిషి, క్రైస్తవ సంస్థల లోపలి మనిషి, బయట నిలబడి వేలెత్తి చూపే రకం కాదు. ఒకే సంస్థ డబ్బుతో కొన్ని ఇళ్లను విదేశీ జట్లు, కొన్నింటిని హోండురస్ వాళ్లే కట్టారు. రెండు రకాల ఇళ్లలో ఉంటున్న కుటుంబాలనూ కలిశాడు, తిరిగి వెళ్లిపోయిన వాలంటీర్లనూ అడిగాడు. 2006లో అచ్చయిన ఆ అధ్యయనంలో తేలినవాటిలో మూడు చాలు మనకు.

మొదటిది, ఇంటి ఖర్చు దాదాపు 2 వేల డాలర్లు. ఆ ఇల్లు కట్టడానికి వచ్చిన ఒక్కో జట్టు రాకపోకలకు, ఉండటానికి పెట్టింది సగటున 30 వేల డాలర్లు. అంటే ఒక జట్టు ప్రయాణం ఖర్చుతో ఇంకో 15 కుటుంబాలకు కప్పు వచ్చేది.

రెండోది, ఇల్లు ఎవరు కట్టారన్నదాన్ని బట్టి ఆ కుటుంబాల బతుకులో తేడా ఏమీ కనపడలేదు. విదేశీయులు కట్టిన ఇంట్లోవాళ్లు ఎక్కువ సంతోషంగానో, ఊరితో ఎక్కువ కలిసిమెలిసో ఉన్నట్టు తేలలేదు. వచ్చినవాళ్లు మంచివాళ్లు, వస్తే సంతోషమే అని హోండురస్ జనం చెప్పారు, ఆ మాటతోపాటే ఆ టికెట్ల డబ్బుతో ఇంకొన్ని ఇళ్లు లేచేవి కదా అన్నవాళ్లూ ఉన్నారు.

మూడోదే నన్ను బాగా ఆలోచనలో పడేసింది. ప్రయాణం ఖర్చు ఇప్పుడు ఎక్కువ కావచ్చు, కానీ వెళ్లొచ్చినవాళ్లు జీవితాంతం విరాళాలు ఇస్తూనే ఉంటారు, అదీ లాభం, అన్నది ఇలాంటి ప్రయాణాలను సమర్థించేవాళ్ల పెద్ద వాదన. వెర్ బీక్ అడిగితే చాలామంది అవును, ఇప్పుడు ఎక్కువ ఇస్తున్నాం అనే చెప్పారు. సంస్థ రికార్డులు తీసి చూస్తే ఆ పెరుగుదల పెద్దగా లేదు. వాళ్లు అబద్ధం చెప్పారని నేననను, మనసు మారిందని నిజంగానే అనుకుని ఉంటారు. కానీ రికార్డులో లేని డబ్బుతో గోడ లేవదు.

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్లాలి, ఎందుకంటే ఈ పద్ధతి మొదట ఇలా లేదు. ఫుల్లర్ కుటుంబం 1973లో అప్పటి జైర్ (ఇప్పటి కాంగో)లోని ఎంబండాకా ఊరికి వెళ్లి మూడేళ్లు ఉండి ప్రయోగం చేసినప్పుడు దాని ఆయువుపట్టు రెండే విషయాలు: వడ్డీ, లాభం లేకుండా ఇంటి అప్పు ఇవ్వడం, ఆ కుటుంబం సొంత చెమట చిందించి తన ఇంటి పనిలో పాలుపంచుకోవడం. తిరిగి కట్టిన వాయిదాలు పక్కవాడి ఇంటికి పెట్టుబడి. హాబిటాట్ మన దేశానికి వచ్చింది కూడా ఆ ఆలోచనతోనే, అదీ మన ఖమ్మంలో, 1983లో. విదేశాల నుంచి జట్లను పంపే గ్లోబల్ విలేజ్ కార్యక్రమం పద్ధతి ప్రకారం నడవడం మొదలైంది ఆ తర్వాత, 1980ల చివర్లో. 2006కి వచ్చేసరికి మహారాష్ట్రలో లోనావాలా దగ్గర మలవ్లీలో కార్టర్ ఆధ్వర్యంలో 100 ఇళ్ల పని వారంపాటు సాగితే కెమెరాలు తిరిగింది వచ్చిన అతిథుల వైపు, బ్రాడ్ పిట్ వైపు. వెర్ బీక్ అధ్యయనం అచ్చయిన ఏడాదే ఇదీ జరిగింది.

పనిలో ఏం జరుగుతుందో మేస్త్రీలను అడిగితే తెలుస్తుంది. మన దగ్గర తాపీ పట్టే ఎవరైనా చెప్తారు, దారం కట్టి, రసమట్టం చూసుకుంటూ బ్లాకు వెనక బ్లాకు పేర్చుకుపోవాలి, మాలు ఒకచోట మందంగా, ఒకచోట పల్చగా పడితే మూడో వరసకల్లా గోడ వంపు తిరుగుతుంది. నిన్నటిదాకా తాపీ ముట్టని పదిహేను మంది ఒకేసారి పనిలోకి దిగితే మేస్త్రీ చేతిలో పని పక్కన పెట్టి వాళ్లకు కాపలా కాయాలి. అందుకే వాళ్లకు ఎక్కువగా ఇసుక మోత, మట్టి తవ్వకం, రంగు వేయడం అప్పజెప్తారు. అంటే ఆ ఊళ్లో కూలి దొరక్క ఖాళీగా ఉన్నవాడు చేయగలిగిన పనే. హోండురస్‌లో పనికి జనం లేక ఆగిన పరిస్థితి లేదు, డబ్బు లేక ఆగింది.

దీనికి నేపాల్ ఇంకో కోణం చూపించింది. 2015 ఏప్రిల్ 25 భూకంపంలో దాదాపు 9 వేల మంది పోయారు, 5 లక్షలకు దగ్గరగా ఇళ్లు నేలమట్టమయ్యాయి. అక్కడ తాపీ మేస్త్రీల కొరత నిజంగానే వచ్చింది. ఎందుకంటే ఊళ్లలో పనిచేసే వయసు మగవాళ్లలో చాలామంది అప్పటికే గల్ఫ్‌లోనో మలేషియాలోనో కూలి చేస్తున్నారు, ఖతార్‌లో స్టేడియంల పనిలో ఉన్నవాళ్లూ వాళ్లలో ఉన్నారు. కరీంనగర్, నిజామాబాద్ వైపు వాళ్లకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు, ఇంట్లో ఒకరైనా అక్కడ ఉంటారు. నేపాలీ కుర్రాడు పరాయి దేశంలో భవనాలు కడుతుంటే, అతని ఇల్లు కట్టడానికి పరాయి దేశం కుర్రాడు టికెట్టు కొనుక్కుని వస్తున్నాడన్నమాట. ఆ నవంబర్‌లో చిత్వన్‌లో జరగాల్సిన కార్టర్ నిర్మాణ వారం అల్లర్లు, ఇంధనం కొరత వల్ల రద్దయింది. ఇళ్లు ఎక్కువగా లేచింది వేరే దారిలో: ప్రభుత్వం ఒక్కో కుటుంబానికి 3 లక్షల నేపాలీ రూపాయలు మూడు విడతల్లో, ముందు 50 వేలు, పునాది చూసి లక్షన్నర, గోడల పని చూసి లక్ష ఇచ్చింది, మేస్త్రీలకు భూకంపాన్ని తట్టుకునే బెల్టులు ఎలా వేయాలో నేర్పించారు. ఆలస్యం జరిగింది, ఆ డబ్బు చాలక జనం అప్పులపాలయ్యారు కూడా, అది దాచక్కర్లేదు. అంతకుముందు 2001 గుజరాత్ భూకంపం తర్వాతా ఇదే పద్ధతిలో దాదాపు 2 లక్షల ఇళ్లు ఇంటివాళ్లే కట్టుకున్నారు, కాంట్రాక్టర్లు కట్టి ఇచ్చిన ఇళ్లకంటే వీటిమీదే జనానికి తృప్తి ఎక్కువని తర్వాతి అధ్యయనాల్లో తేలింది.

వెళ్లేవాళ్ల వైపు నుంచి వచ్చే బలమైన మాట ఒకటుంది: ప్రయాణం లేకపోతే ఆ డబ్బు అసలు బయటికే రాదు, ఊరికే 3 వేల డాలర్లు ఎవరూ పంపరు. నిజమే కావచ్చు. ఫీజులో కొంత ఆ దేశంలోని ఇళ్ల పనికి విరాళంగా పోతుందన్నదీ నిజమే. 2020 మార్చిలో కోవిడ్‌తో గ్లోబల్ విలేజ్ ప్రయాణాలు ఆగిపోయాయి, తర్వాత కొన్ని దేశాలతో మెల్లగా మళ్లీ మొదలయ్యాయి. ఇప్పుడు వాదించుకుంటున్న తల్లిదండ్రులు పంపాలా వద్దా అన్న ముక్క దగ్గరే ఆగిపోతున్నారు. కట్టే ఫీజులో ఇంటికి ఎంత పోతుంది, ఆ ఊరి మేస్త్రీకి రోజు కూలి ఎంత, మా పిల్లలు రాకపోయినా ఆ కుటుంబానికి ఇల్లు వస్తుందా, ఈ మూడూ పంపే సంస్థను రాతపూర్వకంగా అడగొచ్చు, డబ్బు కట్టకముందే.