బరంపురం స్కౌట్ హాలు: కూల్చే మాట వెనక ఉన్న చరిత్ర

ఒడిశాలోని బరంపురంలో మన తెలుగువాళ్ల వీధులకు ఆనుకుని ఉన్న పాత స్కౌట్ హాలును కూల్చి షాపింగ్ కాంప్లెక్స్ కట్టాలన్న మాట మళ్లీ వినబడుతోంది. పెంకుటి కప్పు, పెచ్చులూడిన గోడలు తప్ప అందులో ఏముందని అడుగుతున్నారు. చాలా ఉంది.

మన దేశానికి స్కౌటింగ్ 1909లో బెంగళూరు మీదుగా వచ్చింది. అయితే భారతీయ పిల్లల్ని అందులో చేరనివ్వలేదు. అందుకే 1916లో మద్రాసులో అనిబిసెంట్, తన సహచరుడు జార్జ్ అరండేల్‌తో కలిసి మన పిల్లల కోసం వేరే స్కౌట్ సంఘం పెట్టారు. 1918లో అలహాబాదులో మదన్ మోహన్ మాలవీయ, హృదయనాథ్ కుంజ్రూ సేవాసమితి అనే మరో స్కౌట్ సంఘాన్ని నిలబెట్టారు. 1921లో స్కౌటింగ్ స్థాపకుడు బేడెన్ పోవెల్ ఇక్కడికి వచ్చినప్పుడు బిసెంట్ సంఘం ఆయన సంస్థలో కలిసింది. అప్పట్లో బరంపురం ఉన్న గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. ఈ హాలు ఆ తర్వాత, గంజాం ఇంకా మద్రాసులో ఉండగానే కట్టింది.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడి, బరంపురం అటువైపు వెళ్లింది. బడి ఏ భాషలో, ఉద్యోగం ఎవరికి అన్న పట్టుదలలు ఊళ్లో చాలాకాలం నడిచాయి. హాలులో మాత్రం తెలుగు పిల్లలు, ఒడియా పిల్లలు ఒకే పెట్రోల్‌లో, అంటే స్కౌట్ల చిన్న జట్టులో, నిలబడ్డారు. లోపలి గోడకు ఇప్పటికీ ఒక చెక్క పలక ఉంది. దాని మీద రీఫ్ నాట్, క్లోవ్ హిచ్, బౌలైన్ ముడులు నిజం తాడుతో వేసి మేకులు కొట్టారు. ఒక్కో ముడి కింద పేరు రెండు లిపుల్లోనూ ఉంది. తాడు నల్లబడింది గానీ ముడి వదలలేదు. నా దృష్టిలో ఈ ఊరి చరిత్రకు అంతకన్నా మంచి సాక్ష్యం లేదు.

1950 నవంబరు 7న సంఘాలన్నీ భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌గా ఒకటయ్యాయి. మరుసటి ఏడు ఆడపిల్లల సంఘమైన గైడ్స్ కూడా కలిశారు. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు హాలు పెంకులు సగం ఎగిరిపోయాయి. వాటి స్థానంలో వేసిన రేకులే ఇప్పుడు 'శిథిలం' అనడానికి సాకయ్యాయి. ఆ గోడలకు మాత్రం ఏమీ కాలేదు.

చిక్కు చట్టంతోనూ ఉంది. 1958 నాటి కేంద్ర చట్టం కింద పురాతన కట్టడం అనిపించుకోవాలంటే కనీసం నూరేళ్లు నిండాలి. ఈ హాలుకు ఇంకా నిండలేదు. అందుకని మునిసిపల్ కార్పొరేషన్ స్థాయిలోనే రక్షణ అడగాలి. టెండరు మాట రాకముందే హాలు కొలతలు, ఫోటోలు తీయించాలి. బీరువాలో చెదలు పడుతున్న పాత హాజరు రిజిస్టర్లను స్కాన్ చేయించాలి. ఆ ముడుల పలకను ముందుగా భద్రపరచాలి.